పది లక్షల పౌండ్ల ఉత్తరువు

1948 సెప్టెంబరు 13వ తేదీన భారత సైన్యములు పడమటినుండి షోలాపూరు మార్గమునను, తూర్పునుండి బెజవాడ మార్గమునను హైదరాబాదు సంస్థానములో ప్రవేశించి, నాలుగైదు దినములలోనే రాజధానీ పరిసరములను సమీపించుచుండగా, రజాకార్ల పీడ ఎన్నడు విరగడ యగునాయని తెలంగాణా పల్లెలు ఊపిరి బిగబట్టి ఎదురుచూచుచున్న ఆ కాలమందే, ఇచటికి వేలమైళ్ళ దూరమున, తుపాకి మ్రోత ఒక్కటియు వినబడని లండను నగరపు వెస్ట్‌మినిస్టరు బ్యాంకులో, నిజాము ప్రభుత్వమువారి ఖాతానుండి 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు మరియొకరి పేరనున్న ఖాతాలోనికి చేరెను. ఆనాడు రూపాయి విలువ ఒక షిల్లింగు ఆరు పెన్నీలు గనుక, పౌండునకు రు. 13-5-4 చొప్పున లెక్కకట్టినచో అది ఇంచుమించు 1 కోటి 34 లక్షల రూపాయలు.

ఉత్తరువిచ్చినవారు నవాబు మొయిన్ నవాజ్ జంగ్. మీర్ లాయఖ్ అలీ మంత్రివర్గమున ఆర్థిక, విదేశ వ్యవహారములు చూచుచుండిన వారు. అదే సెప్టెంబరు 16వ తేదీన పారిస్ నగరమున భద్రతాసమితి యెదుట హైదరాబాదు పక్షమున వాదము వినిపించినవారును వారే. సొమ్ము చేరినది లండనులోని పాకిస్తాను హైకమిషనరు హబీబ్ ఇబ్రహీం రహింతూలాగారి పేరిటికి. సెప్టెంబరు 17వ తేదీన లాయఖ్ అలీ మంత్రివర్గము రాజీనామా చేయుటయు, నిజాము యుద్ధవిరమణ ప్రకటించుటయు జరిగినవి. ఇక సెప్టెంబరు 27వ తేదీన నిజాము పక్షమునుండి బ్యాంకునకు తంతి వెళ్ళినది: ఆ బదిలీ మా యనుమతి లేకుండ జరిగినది, సొమ్ము మరల మా ఖాతాకు చేర్పుడు, అని. బ్యాంకువారి సమాధానము మర్యాదగను, కఠినముగను ఉండెను. ఇప్పుడు ఖాతా మీది కాదు, ఎవరి పేరనున్నదో వారి సమ్మతి లేనిదే మేము చేయగలిగినది లేదు, అని దాని సారాంశము. ఆ సమ్మతి రాలేదు. ఆ పదిలక్షల పౌండ్లు అట్లే నిలిచిపోయి, దావాలకు గురియై, వడ్డీతో పెరిగి, తగవు తీరునప్పటికి డెబ్బదియొక్క సంవత్సరములు గడచినవి.

ఈ కథయందు నన్ను మిక్కిలి ఆకర్షించునది రాజకీయము కాదు, గుమాస్తాగిరి. ఆ దినమున లండనులో ఒక్క పౌండు సయితము స్థానము మారలేదు. బ్యాంకు అదియే, బ్యాంకు ధనము అదియే. ఒక పేరు క్రింద తగ్గించి మరియొక పేరు క్రింద హెచ్చించి ఎవరో ఒక గుమాస్తా వ్రాసిన రెండు పద్దులు మాత్రము క్రొత్తవి. మన కరణములు చిట్టాలో ఒక రైతు పేరు కొట్టివేసి మరియొక రైతు పేరు వ్రాసిననాడు భూమి కదలునా? కదలునది పట్టా. పరదేశమునకు సొమ్ము పంపుటయను వ్యాపారమంతయు, నాటినుండి నేటివరకు, ఇట్టి పద్దుల మార్పే. అందు ప్రధానముగ రెండు ప్రశ్నలున్నవి: వ్రాయుమని చెప్పిన వానికి ఆ అధికారమున్నదా? వ్రాసినది ఎవరి పేర? మొదటి ప్రశ్నకు సమాధానముగా బ్యాంకు చూచునది ఫర్మానాను కాదు, తన పుస్తకములందున్న సంతకపు నమూనాను. సంతకము సరిపోయినది, పని జరిగినది. సంతకముచేసిన వానికి అంతరంగమున తన ప్రభువు అనుమతి కలదా లేదా యన్నది న్యాయస్థానములకు మిగిలిన భాగము.

న్యాయస్థానములు దానిని తీరికగా అనుభవించినవి. 1954లో నిజాము రహింతూలాగారిమీదను, బ్యాంకుమీదను లండనులో దావా వేసిరి. కింది న్యాయస్థానములో ఓడి, అప్పీలులో గెలిచి, తుదకు 1957 నవంబరులో తుది న్యాయస్థానమైన ప్రభువుల సభయెదుట మరల ఓడిరి. ఓడుటకు కారణము సొమ్ము వారిది కాదని కాదు. ఆ ప్రశ్న విచారణకే రాలేదు. రహింతూలాగారు ఒక స్వతంత్రరాజ్యమునకు ప్రతినిధిగా ఆ ధనముపై న్యాయసమ్మతమైన స్వామ్యము వహించియున్నారు గనుకను, ఒక స్వతంత్రరాజ్యమును దాని సమ్మతి లేకుండ మరియొక దేశపు న్యాయస్థానమునకు ఈడ్చుట అంతర్జాతీయధర్మమునకు విరుద్ధము గనుకను, దావా నిలువదని తీర్పు. క్రొత్తగా ప్రభువుల సభకు చేరిన డెన్నింగు ప్రభువు ఈ రాజ్యరక్షణ సిద్ధాంతమునే మొదలంట పునర్విమర్శించుచు వ్రాసిన అభిప్రాయమును న్యాయవాదులు నేటికిని చదువుచుందురు. అయినను ఫలితమున ఆయనయు తక్కినవారితో ఏకీభవించెను.

ఫలితము విచిత్రము. నిజాము అడుగుటకు వీలులేదు. పాకిస్తాను అడిగినచో తన రక్షణకవచమును తానే విడువవలెను. ఇద్దరి మధ్య నిశ్చయము తేలువరకు బ్యాంకు ఎవరికిని ఇయ్యదు. ఇట్టి త్రిశంకుస్వర్గమున ఆ ధనమును వదలి 1967 ఫిబ్రవరి 24వ తేదీన ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను దివంగతులైరి. ఢిల్లీ, ఇస్లామాబాదు, నిజాము వారసులు అప్పుడప్పుడు రాజీ మాటలాడుకొన్నట్లు వినబడెడిది. ఏ రాజీయు కుదిరినది లేదు. ఇంతలో వెస్ట్‌మినిస్టరు బ్యాంకే మరియొక బ్యాంకుతో కలిసి నేషనల్ వెస్ట్‌మినిస్టరు అను పేరు దాల్చినది.

కదలిక 2013లో వచ్చినది. పాకిస్తాను తానే ముందునకు వచ్చి, ఆ ధనము మాదని లండను న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. అట్లు వేయుటతోనే అరువదేండ్లుగా దానిని కాపాడుచున్న కవచము జారిపోయినది. తరువాత పొరపాటు గ్రహించి వ్యాజ్యమును ఉపసంహరించుకొనజూచినను న్యాయస్థానము అంగీకరింపలేదు. నిజాము మనుమలు ముకర్రం జా, ముఫ్ఫఖం జాలును, భారత ప్రభుత్వమును తమలో తాము ఒడంబడిక చేసికొని ఒకే పక్షముగ నిలిచిరి. పాకిస్తాను వాదము ముఖ్యముగ ఆయుధములను గూర్చినది. 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా విమానికుడు పాకిస్తానునుండి రాత్రివేళల విమానములలో హైదరాబాదునకు ఆయుధములు చేరవేసినమాట చరిత్రలో నున్నది. ఆ సాహసమునకు ఆయనకు ఇంగ్లండులో 200 పౌండ్ల జుల్మానా పడినమాటయు నున్నది. ఈ సొమ్ము ఆ ఆయుధముల వెల యని వారి వాదము. 2019 అక్టోబరు 2వ తేదీన న్యాయమూర్తి మార్కస్ స్మిత్ దీనిని త్రోసివేసి, ఖాతా రహింతూలాగారి పేరనున్నను ఆయన దానిని నిజామునకై ధర్మకర్తగా మాత్రమే పట్టియుండెనని నిర్ణయించి, నిజాము హక్కుదారులకే ధనము చెందవలెనని తీర్పు చెప్పెను. నాటికది సుమారు 3 కోట్ల 50 లక్షల పౌండ్లు.

ముప్పదియైదు రెట్లని విని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును గాని, పలకమీద లెక్కవేసి చూచినచో అది డెబ్బదియొక్క ఏండ్లకు సాలీనా ఇంచుమించు అయిదు శాతపు చక్రవడ్డీ మాత్రమే. అబిడ్సులో ఏ షాహుకారు దగ్గర దాచినను అంతకంటె ఎక్కువే వచ్చియుండెడిది.

హాలీ, కల్దారు

నిజాము రాజ్యమున పుట్టిపెరిగిన పెద్దలకు విదేశమారకమనగా నేమో పుస్తకములు చదువనక్కరలేకయే తెలియును. హైదరాబాదు సంస్థానమునకు తన నాణెము తనకుండెడిది. ఉస్మానియా సిక్కాను హాలీ యనియు, బ్రిటిషిండియా రూపాయిని కల్దారనియు జనులు వ్యవహరించెడివారు. నూరు కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైసల హాలీ సమానము. మధిరలో ధాన్యమమ్మి బెజవాడలో బట్టలు కొను వర్తకుడు, ఏబది మైళ్ళైనను దాటకయే, మారకపు బట్టా చెల్లించుకొనెడివాడు. ఇట్టి రాజ్యమునకు లండనులో ఖాతాయుండుటలో వింతలేదు. అంతకుముందే పాకిస్తానునకు ఇరువదికోట్ల రూపాయల విలువగల భారత ప్రభుత్వ పత్రములను ఋణముగా నిచ్చి, భారతదేశముతో చేసికొన్న యథాతథపు ఒడంబడికకు భంగము కలిగించెనని ఢిల్లీచేత ఆక్షేపింపబడిన ప్రభుత్వమది.

ఇటు బ్రిటిషిండియాలో 1939 సెప్టెంబరు 3వ తేదీన, యుద్ధము ప్రకటింపబడిన దినముననే, విదేశమారకముపై అదుపు మొదలైనది. యుద్ధము ముగిసినను అదుపు ముగియలేదు. 1947లో దానికొక చట్టమేర్పడి, 1973లో ఆ చట్టమునకే మరింత పదునుపెట్టబడినది. 1960లలో పైచదువులకు అమెరికా పోవు విద్యార్థి చేతికి ఎనిమిది డాలర్లు మాత్రము దొరకుచుండిన సంగతి నేడు షికాగోలో తాతలైన తెలుగు వైద్యులు మనుమలకు చెప్పుకొను కథ. 1966 జూన్ 6వ తేదీన డాలరు వెల ఒక్కపెట్టున రు. 4.76 నుండి రు. 7.50 అయ్యెను. 1991లో విదేశధనము అడుగంటి, మన రిజర్వు బ్యాంకు నలుబదియేడు టన్నుల బంగారమును పరాయి బ్యాంకులకు కుదువపెట్టవలసి వచ్చెను. ఇట్టి దేశమున ఒక సామాన్యగృహస్థు తన రూపాయలను డాలర్లుగ మార్చి పరదేశమునకు పంపుకొనవచ్చునని ఎవరైనను చెప్పియుండినచో పరిహాసమని తలచియుందురు.

పైగా మన పల్లెలకు పరదేశపు సొమ్మనగా వచ్చునదే కాని పోవునది కాదు. రంగూను రేవులలో మూటలు మోసిన ఉత్తరాంధ్ర కూలీలు పంపినది, తరువాత కరీంనగరు, నిజామాబాదు, కోనసీమలనుండి గల్ఫు పోయినవారు పంపినది, మనయిండ్లకే చేరినది. ఆ ప్రవాహమునకు ఎదురుగా మరియొక కాలువ త్రవ్వబడినది ఈ శతాబ్దమున. పాతచట్టమును తొలగించి 1999లో చేసిన మారకనిర్వహణ చట్టము 2000 జూన్ 1వ తేదీన అమలులోనికి వచ్చినది; దానితో ఈ రంగమందలి తప్పులు చెరసాలకు కాక జుల్మానాకు పాత్రములైనవి. 2004 ఫిబ్రవరి 4వ తేదీన రిజర్వు బ్యాంకు సరళీకృత పథకమును ప్రకటించి, నివాసియైన ప్రతి వ్యక్తియు ఏడాదికి 25,000 డాలర్లవరకు ముందస్తు అనుమతి లేకయే పంపుకొనవచ్చుననెను. ఆ పరిమితి నాలుగేండ్లలోపల 2,00,000 డాలర్లకు ఎగబ్రాకి, 2013 ఆగస్టులో రూపాయి జారుచుండగా 75,000 డాలర్లకు కుదించుకొని, మరల 2015లో 2,50,000 డాలర్లయ్యెను. తొలి ఏట కోటి డాలర్లైనను దాటని ఈ పంపకములు 2023–24లో 3,100 కోట్ల డాలర్లను మించిపోయినవి. అందు సగముకంటె ఎక్కువ విదేశప్రయాణములకు. చదువులు, బంధుపోషణ, బహుమతులు తరువాతివి.

సొమ్ము కదలని ప్రయాణము

జగిత్యాలలోనో భీమవరములోనో ఒక తండ్రి కుమార్తె ఫీజుకై అమెరికా విశ్వవిద్యాలయమునకు ఇరువదివేల డాలర్లు పంపదలచెననుకొందము. బ్యాంకులో ఆయన చేతికి ఏ–2 అను పత్రమునిత్తురు. పాన్ సంఖ్య, పంపుటకు కారణము, ఈ సంవత్సరము ఇదివరకు పంపినదెంత యను ప్రకటన, అడుగున సంతకము. కారణమునకు సంకేతమున్నది: చదువునకు ఎస్ 0305, కుటుంబపోషణకు ఎస్ 1301. లాటరీటిక్కెట్లకును, పందెములకును పంపకూడదు. విదేశపు సట్టావ్యాపారమున మార్జినుకట్టుటకును పంపకూడదు. ఇంతవరకు సుబోధమే. గుమాస్తా ఒక మీట నొక్కును. తండ్రి ఖాతాలో అందుకు సరిపడు రూపాయలు తగ్గును. తరువాత జరుగునదేమి?

డాలర్లు ఇచటనుండి బయలుదేరవు. అవి ముందే అచటనున్నవి. డాలరు వ్యవహారము నడపు ప్రతి భారతీయ బ్యాంకును న్యూయార్కులోని ఏదో యొక పెద్దబ్యాంకులో డాలరు ఖాతా నొకదానిని ఉంచుకొనును. బ్యాంకులవారు దానిని నాస్ట్రో ఖాతాయందురు. మన తండ్రివద్ద రూపాయలు తీసికొని, మన బ్యాంకు న్యూయార్కులోని ఆ బ్యాంకునకు, నా ఖాతాలో ఇంత తగ్గించి ఫలానా విశ్వవిద్యాలయమువారి బ్యాంకునకు చేర్పుడు అని వ్రాయును. ఆ వ్రాతయే సర్వస్వము. పూర్వము అది తంతిగను, తరువాత టెలెక్సుగను పోవుచుండెను. ఆ కాలమున పంపినది నిజముగ ఆ బ్యాంకేనా యని తెలిసికొనుటకు, తేదీని, మొత్తమును, నాణెమును రహస్యపట్టికలతో కూడి ఒక పరీక్షాసంఖ్య కట్టి సందేశము తలమీద వేసెడివారు. అందొక అంకె తప్పినను సందేశము చెల్లదు. నేటికిని బ్యాంకు కిటికీలదగ్గర ఈ పంపకమును టీటీ, అనగా తంతిబదిలీ, యనుట, మారకపు పట్టికలో టీటీ అమ్మకపు ధర యని వ్రాయుట, ఆ తంతికాలపు స్మృతియే.

1973లో పదునైదు దేశములకు చెందిన 239 బ్యాంకులు కలిసి బెల్జియములో స్విఫ్ట్ అను సహకారసంస్థను నెలకొల్పినవి. నేడు రెండువందల పైచిలుకు దేశములలో పదునొకండువేలకు మించిన సంస్థలు దానియందున్నవి. దానిని గూర్చి సర్వత్ర వ్యాపించియున్న భ్రమ యేమనగా, అది సొమ్ము పంపునదని. అది ఒక్క పెన్నీయైనను ముట్టదు. ఎవరి సొమ్మును తనయొద్ద ఉంచుకొనదు. ఒక బ్యాంకు ఆజ్ఞను మరియొక బ్యాంకునకు భద్రముగ అందించును, అంతే. ప్రతి బ్యాంకునకు ఎనిమిదిగాని పదునొకండుగాని అక్షరముల సంకేతనామము నిచ్చును. మన ఐఎఫ్ఎస్‌సీకి కూడ పదునొకండక్షరములే యగుటచేత ఇంట కూర్చుండి పత్రము నింపువారు ఒకదాని స్థానమున మరొకటి వ్రాయుట సామాన్యముగ జరుగుచుండును.

మార్గమధ్యమున నిలిచిన బ్యాంకులు ఊరక పనిచేయవు. రుసుము లెవరు భరింపవలెనను ప్రశ్నకు పత్రమునందు మూడు మార్గములున్నవి: అన్నియు నేనే భరింతునని ‘అవర్’, ఇరువురము పంచుకొందుమని ‘షా’, అందుకొనువాడే భరించునని ‘బెన్’. తెలియక రెండవదానిని గుర్తుపెట్టిన తండ్రి ఫీజు కొన్ని డాలర్లు తక్కువగా చేరును. ఆ కొద్దిపాటి కొరతకే విశ్వవిద్యాలయము పిల్లపేర బాకీ చూపుచు హెచ్చరిక పంపును. అయితే ఈ రుసుములు కంటికి కనబడునవి. కనబడనిది మారకపుధరలో దాగియున్నది. పత్రికలలో అచ్చగు డాలరు ధరకును, బ్యాంకు మనకిచ్చు టీటీ అమ్మకపు ధరకును గల అంతరము డాలరునకు ఒక రూపాయియే యైనను ఇరువదివేల డాలర్లమీద ఇరువదివేల రూపాయలు. ఆ ధరను బేరమాడవచ్చునని మన గృహస్థులు ఎరుగరు. కూరగాయలదగ్గర అణాపైసలకు పోరాడు మనుష్యుడు బ్యాంకు అధికారి యెదుట ఎందుకు మూగయగునో నాకు బోధపడదు.

ఢాకాలో ఒక గురువారము

ఆజ్ఞయే సర్వస్వమనుటలోని భయంకరత్వము 2016 ఫిబ్రవరి 4వ తేదీ రాత్రి వెల్లడియైనది. బంగ్లాదేశ్ కేంద్రబ్యాంకు కంప్యూటర్లలో దూరిన దొంగలు ఆ బ్యాంకు అధికారముతోనే, న్యూయార్కు ఫెడరల్ రిజర్వులోని దాని ఖాతానుండి డాలర్లు పంపుమని ముప్పదియైదు ఆజ్ఞలను స్విఫ్ట్ ద్వారా జారీచేసిరి. మొత్తము 95 కోట్ల డాలర్లకు పైబడి. మరునాడు శుక్రవారము ఢాకాలో సెలవు. సందేశముల ప్రతులను అచ్చువేయవలసిన యంత్రమును దొంగలు ముందే మూగపోజేసిరి. అయిదు ఆజ్ఞలు నెరవేరినవి. అందొకటి శ్రీలంకలోని ఒక ధర్మసంస్థ పేరిట 2 కోట్ల డాలర్లు. ఆంగ్లమున ‘ఫౌండేషన్’ అని వ్రాయవలసినచోట ‘ఫాండేషన్’ అని వ్రాయుటచే మధ్యనున్న డాయిష్ బ్యాంకు వారికి సందేహము కలిగి ప్రశ్నించిరి. ఆ సొమ్ము దక్కినది. తక్కిన నాలుగింటి 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్సులోని మకాటీ నగరమున, జూపిటర్ వీథిలోని ఒక బ్యాంకుశాఖకు చేరి, అటనుండి జూదశాలలలో కరిగిపోయినవి. మిగిలిన ముప్పది ఆజ్ఞలు ఆగుటకు ఒక కారణము ఆ ‘జూపిటర్’ అను పదమే; నిషిద్ధమైన ఒక ఓడకు సంబంధించిన పేరుతో అది సరిపోవుటచే న్యూయార్కులో వాటిని నిలిపి పరిశీలించిరి. చెల్లింపు ఆపుడని ఢాకా సందేశము పంపిన 8వ తేదీన ఫిలిప్పీన్సులో చైనీయుల సంవత్సరాది సెలవు.

1948లో సంతకము సరిగనే యున్నది. 2016లోను సంకేతములన్నియు సరిగనే యున్నవి. రెండుచోట్లను ఆజ్ఞ నందుకొనిన బ్యాంకు తన నియమములు తప్పలేదు. తరువాత మేలుకొనిన యజమానికి రెండుచోట్లను లభించిన సమాధానము కూడ ఒక్కటే: సొమ్ము ఇప్పుడు మరియొకరి పేరనున్నది.

పేరనుచున్నానే గాని, ఈ డెబ్బది సంవత్సరములలో మారిపోయినదొకటి కలదు. అది సామాన్యులకు మిగుల ముఖ్యమైనది. రహింతూలాగారి కాలమున ఖాతాయనగా పేరు. నేడు ఖాతాయనగా అంకె. అమెరికాలోని వర్తకచట్టము ప్రకారము, పంపిన ఆజ్ఞలో పేరొకరిది, ఖాతాసంఖ్య మరొకరిది యై యున్నను, ఆ సంగతి తనకు తెలియనంతవరకు అందుకొను బ్యాంకు సంఖ్యను నమ్మి జమకట్టవచ్చును. ఐరోపాలో ఐబాన్ సంఖ్యకు కొంత ఆత్మరక్షణ గలదు. జర్మనీలో ఇరువదిరెండు, ఎమిరేట్సులో ఇరువదిమూడు అక్షరములుండు ఆ సంఖ్యలో దేశనామము తరువాతి రెండంకెలు పరీక్షకొఱకే యున్నవి; మొత్తమును ఒక క్రమమున మార్చి 97చే భాగించినచో శేషము ఒకటి రావలెను. ఒక అంకె తప్పిన శేషము తప్పును, పంపకము ఆగును. అమెరికాలో ఐబాన్ లేదు. తొమ్మిదంకెల రౌటింగు సంఖ్యకు మాత్రము అట్టి పరీక్ష కలదు, దాని ప్రక్కన వ్రాయు ఖాతాసంఖ్యకు లేదు.

నేటి దొంగలు ఈ మర్మమును బాగుగ నెరిగినవారు. బ్యాంకుల కోటలు పగులగొట్టుట కష్టము గనుక, ఆజ్ఞ యిచ్చు మనుష్యునే మోసగింతురు. విదేశపు వర్తకుడు పంపినట్లే, అదే ముద్రతో అదే శైలితో ఒక ఈమెయిలు వచ్చును: మా బ్యాంకు మారినది, ఇకమీదట ఈ ఖాతాకు పంపుడు. గుంటూరులోని దిగుమతిదారునకైనను, పిల్లకు అద్దెయింటి బయానా పంపు తల్లికైనను ఇట్టి లేఖ రావచ్చును. అధికారము నిజమైనది, సంతకము నిజమైనది, పేరు సయితము నిజమైనది. అబద్ధము అంకెలో నున్నది. క్రొత్త ఖాతాసంఖ్య వచ్చినప్పుడు, ఆ లేఖలోనే యున్న ఫోనుకు కాక, ఇదివరకు తానెరిగిన ఫోనుకు మాటలాడి కనుగొనుటకంటె ఉత్తమమైన యుపాయమును ఇంతవరకు ఎవరును కనిపెట్టలేదు.

పొరపాటు జరిగినచో? సొమ్ము జమకాకమునుపే పట్టుకొనుట యొక్కటే మార్గము. 2017నుండి స్విఫ్ట్ ప్రవేశపెట్టిన పద్ధతిలో ప్రతి పంపకమునకు యూఈటీఆర్ అను ముప్పదియారు అక్షరముల గుర్తుండును. ఏ బ్యాంకుదగ్గర ఎంతసేపు ఆగినదో, ఎవరు ఎంత రుసుము కోసికొనిరో దానినిబట్టి తెలియును. మన బ్యాంకులవారు అడిగినవారికిత్తురు. అడుగనివారికి రశీదులో సాధారణముగ కనబడదు. రద్దుకోరు సందేశమునకు ప్రత్యేకమైన రూపమున్నది. కాని జమయైన తరువాత ఆ సందేశము ప్రార్థన మాత్రమే, అందుకొనినవాడు సరేయనవలెను. ఒకవేళ సరేయని సొమ్ము తిరిగివచ్చినను, పోయినప్పుడు అమ్మకపు ధరకు కొన్న డాలర్లు, వచ్చినప్పుడు కొనుగోలు ధరకు రూపాయలగును; మధ్యనున్న వ్యత్యాసము, రెండువైపుల రుసుములు గృహస్థుని నష్టము.

తన పేరననే యున్నను తనది కాని సొమ్ము కూడ కలదు. జర్మనీకి చదువుకొనబోవు విద్యార్థి 2024 సెప్టెంబరునుండి 11,904 యూరోలను ముందుగ నిర్బంధఖాతాలో వేసి చూపవలెను. ఖాతా తనదే, నెలకు 992 యూరోలకంటె ముట్టరాదు. అక్కడి ప్రభుత్వమునకు కావలసినది పిల్లవాడు పస్తులుండడను భరోసా. మన నిరుద్యోగపు కాలమున అంత మొత్తమును అప్పుతెచ్చి వేసి, పిల్లవాడు చేరినపిదప నెలనెల తిరిగి తెప్పించుకొని అప్పుతీర్చు కుటుంబములు లేకపోలేదు. భరోసా పత్రమున నిలుచును, పిల్లవాడు హోటలులో గిన్నెలు తోముచుండును.

ఎవరి పేర యను ప్రశ్న ఈ దేశమందును విడువదు. 2020 అక్టోబరునుండి మన ఆదాయపుపన్ను శాఖవారు విదేశములకు పంపు సొమ్ముపై మూలమునందే పన్ను వసూలుచేయ నారంభించిరి. తొలుత ఏడులక్షలకు పైబడినదానిపై అయిదు శాతము. 2023 అక్టోబరునుండి చదువు, వైద్యము కాని ప్రయోజనములకు ఇరువది శాతము. 2025 ఏప్రిలునుండి ఆ హద్దు పదిలక్షలై, బ్యాంకుఋణముతో పంపు చదువుసొమ్మునకు పూర్తిగా మినహాయింపు. ఇది ఖర్చు కాదు, ముందుగ కట్టించుకొన్న పన్ను. సంవత్సరాంతమున లెక్కలో సరిచూచుకొనవచ్చును. కాని జమపడునది పంపినవారి పాన్ సంఖ్యకు. పరిమితి మనిషికి ఇంత యని యుండుటచే చాలమంది తండ్రులు సగము తమ ఖాతానుండియు, సగము భార్య ఖాతానుండియు పంపుదురు, అది న్యాయమే. అయితే ఆదాయము లేని ఆ గృహిణి, జన్మలో ఎన్నడును ఆదాయపుపన్ను కార్యాలయపు ముఖము చూడనిది, తన పేర పట్టియుంచిన ఆ రూపాయలను రాబట్టుకొనుటకై జూలై నెలాఖరులోపల రిటర్ను దాఖలు చేయవలసియుండును.